మొదటి గిటారు కొనడానికి వెళ్తున్నారా? నాలుగు పాత కార్డులు వెంట పెట్టుకోండి

గిటారు కొనడానికి బయలుదేరేటప్పుడు డబ్బుతో పాటు నాలుగు పాత ఏటీఎం కార్డులు జేబులో వేసుకోండి. గడువు తీరిపోయినవైనా పనికొస్తాయి. అంకెలు ఉబ్బెత్తుగా లేని నున్నటివైతే ఇంకా మంచిది. గిటారు నేర్చుకునేవాళ్లు కార్డులంటే కొన్ని స్వరాలను ఒకేసారి పలికించే కార్డ్స్ అనుకుంటారు. నేను చెప్పేది బ్యాంకు ఇచ్చినవే. వాటితో పాటు చిన్న స్టీలు స్కేలు, ఒక తెల్ల కాగితం, ఫోనులో తీగ శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ ఏదో ఒకటి ఉంటే చాలు. వాయించడం రాని మనిషి గిటారును పరీక్షించడానికి ఇంతకు మించిన సామాను అక్కర్లేదు.

ఇదంతా ఎందుకో నా మొదటి గిటారు కథ వింటే తెలుస్తుంది. అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో కొన్నాను. నడుమ ఎర్రగా, అంచుల్లో నల్లగా, కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోయేది. కొట్టులో గోడకు వేలాడుతున్న పది గిటార్లలో అదే ముందు కంటబడింది. కొట్టాయన దాన్ని దించి రెండు నిమిషాలు గొప్పగా వాయించాడు. నేను బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చి తీగ నొక్కితే వేలి కొస తెగినట్టు మండింది, అయినా స్వరం సరిగా పలకలేదు. రెండు నెలలు పట్టు పట్టి, చివరికి నాకు సంగీతం అచ్చిరాదని తీర్మానించుకుని దాన్ని బీరువా పైకెక్కించాను. మూడేళ్ల తర్వాత బెంగళూరు నుంచి వచ్చిన స్నేహితుడు దాని దుమ్ము దులిపి, మెడకు అడ్డంగా దిగేసిన సన్నటి లోహపు మెట్లలో (వీటినే ఫ్రెట్లంటారు) పన్నెండోదాని దగ్గర స్కేలు పెట్టి చూశాడు. తీగ అయిదు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. ఉండాల్సింది అందులో సగం. “నువ్వు దీంతో కుస్తీ పట్టావురా” అన్నాడు.

అందుకే నా సలహా: మొదటి గిటారును కంటితో ఎంచుకోకండి, కొట్టాయన వాయించింది విని కూడా ఎంచుకోకండి. వేలితో ఎంచుకోండి. దానికి తోడు మన కర్నూలు, అనంతపురం, కడప ఎండల సంగతి ఒకటుంది. కొయ్య వస్తువు కొనేవాళ్లు దాన్ని మరిచిపోతే కుదరదు.

ఉక్కు తీగలా, నైలాన్ తీగలా?

కొట్టులో అడుగు పెట్టకముందే ఇది తేల్చుకోవాలి. సినిమా పాటలు పాడుకుంటూ కార్డ్స్ కొట్టాలనుకుంటే ఉక్కు తీగల గిటారు తీసుకోండి. ఒక్కో తీగనూ వేళ్లతో మీటుతూ వాయించే క్లాసికల్ పద్ధతి మీద మనసుంటే నైలాన్ తీగలది. నైలాన్ తీగలు వేళ్లకు మెత్తగా ఉంటాయి కాబట్టి పిల్లలకు అదే మంచిదని చాలామంది చెబుతారు. అందులో నిజం సగమే. తల, మెడ కలిసే చోట తీగలు ఆనుకునే చిన్న తెల్లటి పట్టీని నట్ అంటారు. అక్కడ నైలాన్ గిటారు మెడ వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు, ఉక్కు తీగలదాని వెడల్పు 43 దరిదాపుల్లో ఉంటుంది. చిన్న చేతికి ఆ తొమ్మిది మిల్లీమీటర్లు చాలా దూరం.

ఏదో ఒకటి కొనేసి తర్వాత తీగలు మార్చుకుందాం అనుకోవద్దు. ఉక్కు తీగలు ఆరూ కలిసి లాగే బలం మామూలుగా 70 కిలోల పైచిలుకు. నైలాన్ తీగలది 40 కిలోల దగ్గర. నైలాన్ కోసం తేలికగా చేసిన పై పలకకు ఉక్కు తీగలు బిగిస్తే, దాని మీద తీగల కొసలను పట్టి ఉంచే చెక్క పట్టీ, అంటే బ్రిడ్జ్, కొన్నాళ్లకు ఊడి చేతికొస్తుంది. మెడ వంగితే అదనం.

సైజు

మన కొట్లలో గిటారు సైజును మొత్తం పొడవు లెక్కన అంగుళాల్లో చెబుతారు: 36, 38, 40, 41. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు 36 సరిపోతుంది. పెద్దవాళ్లలో చాలామందికి 38 నుంచి 40 సుఖంగా ఉంటుంది. 41 అంగుళాలది చాలావరకు డ్రెడ్‌నాట్ ఆకారం, అంటే పొట్ట పెద్దది, మోత కూడా పెద్దది. ఆ పేరు 1906లో సముద్రంలోకి దిగిన ఒక బ్రిటిష్ యుద్ధనౌకది. ఆ నౌక పేరునే 1916లో అమెరికాలోని మార్టిన్ కంపెనీ ఈ పెద్ద గిటారుకు పెట్టింది. పొట్టిగా ఉన్నవాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుంటే నిజంగానే ఓడను మోస్తున్నట్టు ఉంటుంది.

చేతులు లేని కుర్చీలో కూర్చుని చూడండి. కుడి మోచేయి గిటారు అంచు మీద వాలినప్పుడు భుజం పైకి లేవకూడదు. ఎడమ చేయి పూర్తిగా చాచకుండానే మొదటి ఫ్రెట్ అందాలి. అంతే, సైజు కుదిరినట్టే. మీది ఎడమచేతి వాటమైతే ముందే కొట్టాయనకు చెప్పండి. ఎడమచేతి గిటార్లు మన ఊళ్లలో తెప్పించుకోవాల్సిందే తప్ప గోడకు వేలాడుతూ కనబడటం అరుదు.

డబ్బు, చెక్క, మన ఎండ

మూడు వేల లోపు గిటారు కొనవద్దని నా సలహా. అందులో బాగున్నవి అసలు ఉండవని కాదు, ఏది బాగుందో తేల్చుకోవడానికి మీకు వాయించడం రావాలి. అయిదు నుంచి పది వేల మధ్య చూడండి. ఆ దరిదాపుల్లో యమహా ఎఫ్310 చాలామంది మాస్టార్లు చెప్పే పేరు. దాని తీగ పొడవు 634 మిల్లీమీటర్లు, మామూలుగా ఉండే 650 కంటే కాస్త తక్కువ. అందువల్ల తీగ బిగువు కొంచెం తగ్గి వేలికి సులువుగా ఉంటుంది. కోల్‌కతాలో తయారయ్యే గివ్‌సన్ మన కొట్లలో పాత కాపు. ఏ కంపెనీదైనా ఒకే మోడల్‌లో రెండు గిటార్లు ఒక్కలా ఉండవు. కాబట్టి పేరు చూసి కాక, చేతిలో ఉన్న గిటారును చూసి కొనండి.

కాస్త ఖరీదైనవాటి దగ్గరికి వెళ్తే కొట్టాయన “ఇది సాలిడ్ టాప్ సార్” అంటాడు. పై పలక పొరలు అతికించిన ప్లై కాకుండా ఒకే చెక్కతో చేసినదని అర్థం. నాదం బాగుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా బాగుపడుతుంది. మాట నిజమే. కానీ గిటారు చెక్కకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే హాయి. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తేమ ముప్పై శాతం కంటే కిందికి దిగడం ఇక్కడ మామూలే. మీ ఇంటి తలుపును గమనించండి: వానాకాలంలో ఉబ్బి గడపకు పట్టేస్తుంది, వేసవిలో సన్నబడి సందు ఇస్తుంది. గిటారు పలక కూడా అలాగే కుంచించుకుపోవాలని చూస్తుంది. చుట్టూ జిగురుతో బిగించి ఉండటం వల్ల కదలడానికి చోటు లేక పగులుతుంది. ప్లైలో ఒక పొర పోగు మరో పొరకు అడ్డంగా ఉంటుంది కనుక ఆ లాగుడును తట్టుకుంటుంది. మన మూడు ఊళ్లలో మొదటి గిటారుకు ప్లై పలకే మేలు. సాలిడ్ టాప్ రెండో గిటారుకు ఉంచుకోండి, అప్పటికి దాన్ని సాకడం కూడా మీకు తెలిసి ఉంటుంది.

ఏది ఏదో తెలుసుకోవాలంటే గిటారు నడుమ ఉన్న గుండ్రటి రంధ్రం అంచును చూడండి. పైన కనబడే చెక్క గీతలు అంచు మందంలోకి కూడా దిగితే ఒకే చెక్క. వేఫర్ బిస్కెట్టులా పొరలు కనబడితే ప్లై.

స్పీకరుకు కలపడానికి పికప్ ఉందనీ, మెడ పక్కన పొట్టకు కోత ఉందనీ ఎక్కువ డబ్బు ఇవ్వొద్దు. మొదటి ఏడాది ఆ రెండింటితోనూ మీకు పని పడదు. ఉక్కు తీగల గిటారుకు ట్రస్ రాడ్ మాత్రం తప్పకుండా ఉండాలి. అది మెడ లోపల ఉండే ఉక్కు కడ్డీ. ఎండకూ వానకూ మెడ వంగినప్పుడు చిన్న తాళంచెవిలాంటి ఎలెన్ కీతో తిప్పి సరిచేయవచ్చు. దాన్ని తిప్పే చోటు తల దగ్గరో, రంధ్రం లోపలో కనబడుతుంది. చూపించమని అడగండి.

కొట్టులో

అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు రెండూ రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. కడప వాళ్లకు తిరుపతి ఇంకా దగ్గర. పెద్ద ఊళ్లో ఎంపిక ఎక్కువ ఉంటుందన్నది నిజం. అయినా తీగల ఎత్తు సరిచేసి ఇచ్చే మనిషి మీ ఊరి కొట్టులోనే ఉంటే అయిదు వందలు ఎక్కువైనా అక్కడే కొనండి. నెల తర్వాత మెడ కాస్త వంగితే బస్సెక్కి బెంగళూరు వెళ్లరు కదా.

సాయంత్రం రద్దీలో కాకుండా పొద్దున కొట్టు తెరిచిన వేళకు వెళ్లండి. ముందుగా శ్రుతి చేయించండి. గోడకు వేలాడే గిటార్ల తీగలు తరచూ వదులుగా ఉంటాయి. వదులు తీగ కిందికి వాలి ఎత్తు తక్కువని మోసం చేస్తుంది. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ అని ట్యూనర్‌లో రావాలి. ఆ తర్వాతే కొలత.

కార్డుల పరీక్ష ఇలా చేయాలి. గిటారును పడుకోబెట్టకండి, వాయించే భంగిమలోనే పట్టుకోండి. తల వైపు నుంచి లెక్కపెడితే పన్నెండో ఫ్రెట్ దగ్గర సాధారణంగా రెండు చుక్కలు ఉంటాయి. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటరు. మూడు కార్డులను దగ్గరగా పేర్చి, ఆ ఫ్రెట్ లోహపు అంచు మీద ఆనించి, లావైన ఆరో తీగ కిందికి నెమ్మదిగా జరపండి. తీగను పైకి ఎత్తకుండా, దాదాపు తాకుతూ వెళ్లాయంటే ఎత్తు 2.3 మిల్లీమీటర్ల పైన ఉన్నట్టు. ఉక్కు తీగల గిటారుకు అది చక్కటి కొలత. నాలుగో కార్డు కూడా ఆడుతూ పాడుతూ దూరితే మూడు మిల్లీమీటర్లు దాటింది, తగ్గించాల్సిందే. సన్నటి ఒకటో తీగ కింద రెండు కార్డులు పట్టాలి, మూడు వదులుగా పట్టకూడదు.

పోయిన వేసవిలో మా పక్కింటి అబ్బాయితో ఇలాగే వెళ్లాను. మొదటి గిటారు కింద నాలుగు కార్డులూ దూరిపోయి, పైన ఇంకా వెలుతురు కనబడింది. “అన్నా, ఇది తగ్గించి ఇస్తారా?” అని అడిగాను. కొట్టాయన కార్డుల వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, “అందరూ రంగు అడుగుతారు సార్, మీరేమిటి బ్యాంకు తెచ్చారు” అని నవ్వాడు. కానీ మనిషికి పని తెలుసు. తీగలు వదులు చేసి, బ్రిడ్జ్‌లోంచి తీగలు ఆనుకునే తెల్లటి శాడిల్ పట్టీని బయటికి లాగి, దాని అడుగును గరుకు కాగితం మీద ఒక మిల్లీమీటరు అరగదీశాడు. శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గితే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ అర మిల్లీమీటరు దిగుతుంది. ఇరవై నిమిషాల్లో అదే గిటారు వేరే గిటారైంది. అబ్బాయి నొక్కి చూసి, “మామా, ఇప్పుడు పలుకుతోంది” అన్నాడు.

తర్వాత మెడ. ఆరో తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, మరో చేత్తో మెడ పొట్టను కలిసే పద్నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. ఇప్పుడు తీగే మీకు కొలబద్ద. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య, తెచ్చుకున్న కాగితం రెండు మూడు పొరలు దూరేంత సందు ఉండాలి. కార్డే దూరితే మెడ ముందుకు వంగింది. అసలు సందు లేకపోతే వెనక్కి వంగింది. ట్రస్ రాడ్‌తో మీ ఎదుటే సరిచేయగలిగితే పర్వాలేదు, లేకపోతే ఆ గిటారు వదిలేయండి.

నట్ సంగతి చాలామంది చూడరు. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడండి. వెంట్రుక మందం సందు ఉంటే చాలు. అక్కడ ఎక్కువ ఎత్తు ఉంటే మొదటి వారంలో నేర్చుకునే కార్డ్స్ అన్నీ వేళ్లను హింసిస్తాయి, ఆ మీదట ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాల్సిన ఎఫ్ కార్డ్ దగ్గర ఆశ వదులుకోవాల్సి వస్తుంది.

మెడ అంచుల వెంట అరచేతిని పైనుంచి కిందికి నిమరండి. ఫ్రెట్ల కొసలు రంపం పళ్లలా గుచ్చుకోకూడదు. చెక్క ఎండి కుంచించుకుపోతే లోహం కుంచించుకోదు కాబట్టి కొసలు బయటికి పొడుచుకొస్తాయి. వానాకాలంలో కొంటున్నప్పుడే గుచ్చుకుంటున్నాయంటే మే నెలలో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఓపిక కావాలి. ఒక్కో తీగనూ ఒకటో ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా వరసగా నొక్కి మెల్లగా మీటండి. మొత్తం డెబ్బై రెండు స్వరాలు, అయిదు నిమిషాల పని. ఎక్కడైనా ఈగ ముసిరినట్టు జుయ్యిమంటే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. పక్కపక్క ఫ్రెట్లు రెండూ ఒకే స్వరం పలికితే ఆ గిటారు వద్దు. ట్యూనర్ పెట్టి, తీగను ఊరికే మీటినప్పుడూ పన్నెండో ఫ్రెట్ నొక్కి మీటినప్పుడూ ఒకే అక్షరం, ముల్లు దాదాపు ఒకే చోట ఉందో లేదో చూడండి. వీణకైతే మెట్లు మైనంలో కూర్చుంటాయి, అపస్వరం వస్తే కరిగించి మళ్లీ అమర్చుకోవచ్చు. గిటారు ఫ్రెట్లను చెక్కలో గాడి కోసి దిగేస్తారు. అక్కడ తప్పు పుడితే మీరు సరిచేయలేరు.

చివరగా పొట్ట. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం కొస దూర్చి చూడండి. దూరితే జిగురు వదులుతోందన్నమాట. ఫోను టార్చి రంధ్రంలోకి వేసి లోపలి బద్దెలు విరిగినవి, ఊడినవి ఉన్నాయేమో చూడండి. తల మీద తీగలు బిగించే కీలు ఆరూ తిప్పి చూడండి, గీర పడకుండా నునుపుగా తిరగాలి.

బేరమాడేటప్పుడు ధర తగ్గించమని పట్టుబట్టడం కంటే ఎత్తు సరిచేసి, పది నంబరు సన్న తీగల సెట్టు కొత్తది బిగించి ఇమ్మని అడగండి. కొత్తవాళ్ల వేళ్లకు అదే పెద్ద రాయితీ.

ఆన్‌లైన్, పాత గిటార్లు

ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి తీసుకునే గడువు చూసుకుని, పెట్టె విప్పిన రోజే పై పరీక్షలన్నీ చేయండి. పెట్టె విప్పడం ఫోనులో తీసి ఉంచుకోండి. పాతది కొనడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇంజనీరింగ్ చివరి ఏడాది పిల్లలు హాస్టల్ ఖాళీ చేసే రోజుల్లో మంచి గిటార్లు సగం ధరకు దొరుకుతాయి. వాళ్లలో చాలామంది నాలాగే కుస్తీ పట్టి వదిలేసినవాళ్లు. మెడ, బ్రిడ్జ్ బాగుంటే తీగల ఎత్తు ఎలాగూ తగ్గించుకోవచ్చు.

ఇంటికి తెచ్చాక

బస్సులో తెస్తుంటే డిక్కీలో వేయించకండి. కింది ఇంజను వేడికీ, పైన పడే మూటలకూ అది తట్టుకోదు. పక్క సీటుకు టికెట్ కొన్నా నష్టం లేదు. కారు సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒక మే నెలలో గండికోట చూడటానికి వెళ్లి, గిటారును మూసిన కారులో వదిలి లోయ అంచున రెండు గంటలు గడిపాం. తిరిగొచ్చి సంచి విప్పితే బ్రిడ్జ్ వెనక భాగం అట్టముక్కలా లేచి ఉంది. లోపలి వేడికి జిగురు మెత్తబడితే, పని మిగిలింది తీగల లాగుడు చూసుకుంది.

ఇంట్లో గిటారును గోడకు, ముఖ్యంగా పడమటి ఎండ తగిలే గోడకు తగిలించవద్దు. మిద్దె కింది గదిలో నాపరాయి అరమీద కూడా వద్దు, వేసవిలో ఆ రాయి సాయంత్రానికి కాలుతుంది. కూలర్ ఎదురుగా అసలే వద్దు. మన ఇళ్లలో కూలర్ రాత్రంతా తడిగాలి తోలుతుంది, పొద్దున ఆపేస్తే గది మళ్లీ ఎండిపోతుంది. రోజూ ఇలా తడిసి ఎండే చెక్క ఎప్పుడూ ఎండినదాని కంటే తొందరగా పాడవుతుంది. వాయించనప్పుడు సంచిలో పెట్టి జిప్పు వేయండి. మార్చి నుంచి జూన్ దాకా, మూతకు రంధ్రాలు పొడిచిన సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క వేసి సంచిలో తల పక్కన ఉంచండి. నీళ్లు కారకూడదు. రెండు మూడు రోజులకోసారి మళ్లీ తడపండి.

మొదటి మూడు, నాలుగు వారాలు వేలి కొసలు నొప్పి పెడతాయి. తీగల ఎత్తు సరిగా ఉన్నా పెడతాయి. రోజుకు పావుగంట చొప్పున వాయిస్తే చర్మం గట్టిపడి నొప్పి పోతుంది. ఒక్క ఆదివారం మూడు గంటలు వాయిస్తే మాత్రం బుధవారం దాకా గిటారు ముట్టుకోలేరు.

కొన్న పదిహేను రోజులకు ఆ నాలుగు కార్డులూ మళ్లీ బయటికి తీయండి. కొట్టు గాలికీ మీ ఇంటి గాలికీ తేడా ఉంటుంది కనుక మెడ ఈ లోపు కొద్దిగా కదిలి ఉంటుంది. నాలుగో కార్డు దూరడం మొదలైనా, మొన్నటిదాకా లేని జుయ్యిమనే మోత వినబడినా బిల్లు తీసుకుని ఆ కొట్టుకే వెళ్లండి. ట్రస్ రాడ్‌ను మీరే తిప్పకండి, పావు చుట్టు ఎక్కువైనా మెడకు ప్రమాదం. ఆయన తిప్పేటప్పుడు పక్కన నిలబడి చూడండి.